బాగు చేసుకోలేని వస్తువు మనదెలా అవుతుంది?

"ఇది కంప్యూటర్ యుగం" అనే మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. వ్యాసరచన పోటీ పెట్టినా, వక్తృత్వ పోటీ పెట్టినా మొదటి వాక్యం అదే. కంప్యూటర్ ఎలా వాడాలో చెప్పేవారు ఉన్నారు. ఏ కంపెనీది కొనాలో చెప్పే ప్రకటనలకైతే లెక్కే లేదు. కానీ ఆ కంప్యూటర్ చెడిపోతే ఏం చేయాలి? దాన్ని ఎవరు విప్పాలి? విడిభాగం ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నలకు మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో జవాబు లేదు. జవాబు లేని ఈ ప్రశ్నల వల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరు? చెడిపోతే ఇంకొకటి కొనుక్కోగలిగిన వారు కాదు. మనలాంటి హాస్టల్ విద్యార్థులే.

ఈ వార్షికోత్సవ సంచిక పని మొదలుపెట్టినప్పుడు మన హాస్టల్ స్టోర్ రూమ్‌లో ఉన్న ఒక పాత లాప్‌టాప్‌ను బాగు చేయడానికి మేము ప్రయత్నించాం. ఆ ప్రయత్నంలో మాకు తెలిసిన విషయాలు, వాటి మీద మా అభిప్రాయాలు మీ ముందు ఉంచుతున్నాం. ఇది కేవలం ఒక యంత్రం కథ కాదు. మన చేతికి వచ్చిన వస్తువు మీద మనకు ఉన్న హక్కుకు సంబంధించిన విషయం.

మగ్గం ముందు కూర్చుంటే

ముందుగా మన ప్రాంతం సంగతి చూద్దాం. ఎమ్మిగనూరు అనగానే ఎవరికైనా చేనేత గుర్తుకు వస్తుంది. 1938లో మాచాని సోమప్ప గారి చొరవతో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దేశమంతా వినిపించింది. మాలో కొందరు ఆ నేత ఇళ్ళ నుంచి వచ్చినవారే. మగ్గం ఆగిపోతే నేతకారుడు ఏం చేస్తాడు? కంపెనీకి ఫోన్ చేసి ఎదురు చూడడు. నాడె ఎక్కడ తట్టుకుందో, పన్నెలో ఏ పోగు తెగిందో, ఏ తాడు వదులైందో తానే చూసుకుంటాడు. చెక్క పని ఉంటే వీధి చివర వడ్రంగి ఉన్నాడు. ఇనుప పని ఉంటే లేత్ షాపు ఉంది. మగ్గంలో నేతకారుడికి తెలియని భాగం ఒక్కటి కూడా ఉండదు.

ఆదోని సంగతీ అంతే. పత్తి వ్యాపారానికి పేరున్న ఊరు మనది. జిన్నింగ్ మిల్లుల్లో ఏళ్ళ తరబడి తిరుగుతున్న యంత్రాలను ఇక్కడి మెకానిక్కులే నడిపిస్తున్నారు. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకు తీసుకుపోతాం. కాలిన రాగి తీగ తీసేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఇస్తారు. పొలం పారుతుంది. చేతిలో పనితనం లేక మన ఊళ్ళలో వస్తువులు మూలన పడుతున్నాయని ఎవరైనా అంటే అది నిజం కాదు.

ఇక్కడ ఇంకో విషయం చెప్పుకోవాలి. కంప్యూటర్‌కూ మగ్గానికీ చుట్టరికం ఉంది. 1804లో ఫ్రాన్స్ దేశస్థుడు జోసెఫ్ మేరీ జకార్డ్, చిల్లులు పెట్టిన అట్టల సాయంతో డిజైన్ నేసే యంత్రాన్ని తయారు చేశాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. అదే ఆలోచనతో హెర్మన్ హొలెరిత్ 1890లో అమెరికా జనాభా లెక్కలను చిల్లుల కార్డులతో లెక్కించే యంత్రం చేశాడు. ఆయన కంపెనీ మరికొన్ని కంపెనీలతో కలిసి, చివరకు 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. అంటే మన ఎమ్మిగనూరు ఇళ్ళలో జకార్డు మగ్గం ముందు కూర్చున్న అమ్మానాన్నలు కంప్యూటర్‌కు దూరపు చుట్టాలే. మరి మగ్గం విప్పిన చేతికి లాప్‌టాప్ ఎందుకు అందకుండా పోయింది?

చేత పట్టుకుపోయే కంప్యూటర్

ఒకప్పుడు కంప్యూటర్ అంటే ఒక గది. మన హైదరాబాద్‌లోని ఇసిఐఎల్ సంస్థ 1969లో తయారు చేసిన టీడీసీ-12 కూడా చేత పట్టుకుపోయేది కాదు. చేత పట్టుకుపోయే కంప్యూటర్లలో మార్కెట్‌ను మొదట గెలిచినది 1981లో వచ్చిన ఆస్బర్న్-1. బరువు దాదాపు 11 కిలోలు. తెర 5 అంగుళాలు. ధర 1,795 డాలర్లు. లోపల బ్యాటరీ కూడా లేదు, కరెంటు ఉన్న చోటే పనిచేసేది. అయినా మూత పెట్టి, పిడి పట్టుకుని పెట్టెలాగా మోసుకుపోవచ్చు కాబట్టి జనం ఎగబడి కొన్నారు.

దాన్ని తెచ్చిన ఆడమ్ ఆస్బర్న్ బాల్యం మన పక్క రాష్ట్రం తమిళనాడులోనే గడిచింది. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్బర్న్ తిరువణ్ణామలైలో రమణ మహర్షి భక్తుడిగా స్థిరపడిన రచయిత. ఆడమ్ ఆస్బర్న్ కంపెనీ 1983లో దివాలా తీసింది. చివరి రోజుల్లో ఆయన మళ్ళీ తమిళనాడుకే చేరి, 2003 మార్చిలో కొడైకెనాల్‌లో కన్నుమూశారు.

ఆ రోజుల్లో ఒక మంచి అలవాటు ఉండేది. 1981లో ఐబీఎం తన పీసీతో పాటు టెక్నికల్ రిఫరెన్స్ అనే పుస్తకం అమ్మింది. అందులో సర్క్యూట్ బొమ్మలన్నీ ఉన్నాయి. యంత్రం ఆన్ కాగానే నడిచే బయాస్ ప్రోగ్రాము కూడా మొత్తం ముద్రించి ఉంది. పుస్తకం చదవగలిగిన ఎవరైనా యంత్రాన్ని అర్థం చేసుకోవచ్చు. తర్వాత తర్వాత లాప్‌టాప్‌లు పలచబడ్డాయి. వాటితో పాటు ఆ పుస్తకాలు కూడా మాయమయ్యాయి. ఇవాళ లాప్‌టాప్ కొంటే చేతికి వచ్చేది నాలుగు పేజీల కాగితం. అందులో ముఖ్యమైన మాట ఒక్కటే: మీరు విప్పకండి.

మన స్టోర్ రూమ్‌లోని లాప్‌టాప్

ఇక మన లాప్‌టాప్ సంగతి. 2003లో ఒక దాత హాస్టల్‌కు ఇచ్చినట్లు స్టాక్ రిజిస్టర్‌లో ఉంది. అప్పటికే అది వాడినది. పెంటియం-3 ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ, 6 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98. అప్పటి సీనియర్లు మూడేళ్ళ పాటు హాస్టల్ వార్షిక సంచికలను దీని మీదే టైపు చేశారట. ఆ సంచికల అచ్చు ప్రతులు ఇప్పుడు హాస్టల్‌లో లేవు. ఉన్న ఒకటి రెండింటినీ చెదలు తినేశాయి. వాటి ఫైళ్ళు ఉంటే గింటే ఈ లాప్‌టాప్‌లోనే ఉండాలి. మాకు కావలసింది యంత్రం కన్నా ఎక్కువగా ఆ ఫైళ్ళే.

మొదట వెళ్ళిన షాపులో మూత కూడా తెరవలేదు. "ఇది యాడ బాగవుతాదప్పా? గుజిరీకి ఏసేయండి, కిలో లెక్కన ఏదో వస్తాది" అన్నారు. ఆయన మీద మాకు కోపం లేదు. ఒక పూట కూర్చుని దీన్ని విప్పితే ఆయనకు వచ్చేదేముంది? అదే సమయంలో నాలుగు మొబైల్ డిస్‌ప్లేలు మార్చుకోవచ్చు. తర్వాత ఒక మొబైల్ రిపేర్ షాపు అన్న, ఒక డీటీపీ సెంటర్ అన్న సాయం చేయడానికి ఒప్పుకున్నారు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదువుతున్న మన సీనియర్ అన్న మల్టీమీటర్ తెచ్చారు. ఆదివారాలు కూర్చున్నాం.

మొదటి కష్టం చార్జర్. మన దానికి చార్జర్ లేదు. ఆ కాలపు లాప్‌టాప్‌లలో ఒక్కోటి ఒక్కో రకం. ఒకటి 15 వోల్టులు, ఒకటి 16, ఒకటి 18.5, ఇంకొకటి 19. పిన్ను లావు వేరు, లోపలి రంధ్రం వేరు. పిన్ను సరిపోయింది కదా అని ఏదో ఒకటి గుచ్చితే బోర్డు కాలిపోతుంది. లాప్‌టాప్ అడుగున చీటీ మీద రాసిన వోల్టులు, చార్జర్ మీది వోల్టులు ఒకటే అయి ఉండాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, తక్కువ ఉండకూడదు. పిన్ను లోపల ప్లస్సా, బయట ప్లస్సా అన్నది కూడా చూసుకోవాలి. ఈ మూడు విషయాలు ఇప్పటి లాప్‌టాప్‌కు వేరే చార్జర్ కొన్నా చూసుకోవలసినవే కనుక మిత్రులు గుర్తుపెట్టుకోండి.

రెండోది బ్యాటరీ. ఇరవై ఏళ్ళు మూలన పడిన లిథియం బ్యాటరీ మళ్ళీ చార్జ్ అవుతుందని ఆశించకూడదు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చినా, నొక్కినా మంటలు రావచ్చు. దాన్ని తీసి పక్కన పెట్టేశాం. కొత్తది దొరకదు, ఎందుకంటే ఆ మోడల్ బ్యాటరీ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఏదో గోదాములో ఒకటి దొరికినా అదీ అంతే పాతది కదా! తేదీని గుర్తుపెట్టుకునే చిన్న బ్యాటరీ వేరే ఉంటుంది. అది అయిపోవడంతో మన లాప్‌టాప్ మొదటిసారి ఆన్ అయినప్పుడు 1980 జనవరి 1 అని తేదీ చూపించింది. మాలో ఎవరమూ అప్పటికి పుట్టలేదు! కొన్ని పాత మోడళ్ళలో ఈ చిన్న బ్యాటరీ కారి, ఆ రసం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. మన అదృష్టం కొద్దీ మచ్చ మాత్రమే పడింది. మొబైల్ షాపు అన్న ఐపీఏ ద్రావణంతో, మెత్తటి బ్రష్‌తో తుడిచారు.

మూడోది తెర. లాప్‌టాప్ ఆన్ అయిన చప్పుడు వస్తోంది, తెర మాత్రం చీకటి. టార్చ్ లైటు ఏటవాలుగా వేసి చూస్తే బొమ్మ సన్నగా కనపడింది. అంటే తెర బాగానే ఉంది, వెనక వెలిగే దీపం పోయింది. ఇప్పటి తెరల్లో ఎల్ఈడీలు ఉంటాయి. అప్పట్లో సన్నటి ట్యూబులైటు లాంటిది ఉండేది. దాన్ని వెలిగించడానికి ఇన్వర్టర్ అనే చిన్న బోర్డు వందల వోల్టులు పుట్టిస్తుంది. అందుకే ఆన్‌లో ఉండగా అక్కడ వేలు పెట్టకూడదు. ట్యూబులో పాదరసం కూడా ఉంటుంది, పగలగొట్టకూడదు. ఆ ఇన్వర్టర్ ఆదోనిలో దొరకలేదు. కర్నూలులో అడిగించాం, లేదన్నారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, సికింద్రాబాద్‌లోని సీటీసీ, బెంగళూరు ఎస్పీ రోడ్డు... ఇలాంటి చోట్ల వెతికితే దొరకవచ్చన్నారు. రానుపోను ఖర్చు ఎవరు భరిస్తారు? పోయినా దొరుకుతుందని నమ్మకం ఏమిటి? చివరకు లాప్‌టాప్ వెనక ఉన్న వీజీఏ పోర్టుకు డీటీపీ సెంటర్ వారి పాత మానిటర్ తగిలించాం. బొమ్మ వచ్చింది.

నాలుగోది ప్లాస్టిక్కు. విప్పేటప్పుడు స్క్రూలు ఒక్కోటి ఒక్కో పొడవు. పొడవు స్క్రూను పొట్టి స్క్రూ చోట బిగిస్తే బోర్డుకు గుచ్చుకుంటుంది. అందుకని తెల్ల కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించాం. అయినా ఏళ్ళు గడిచి పెళుసెక్కిన ప్లాస్టిక్ కొక్కేలు రెండు విరిగాయి. విప్పే పద్ధతి చెప్పే పుస్తకం ఉంటే అవి విరిగేవి కావేమో.

యంత్రం తెరుచుకున్నా అక్షరం తెరుచుకోలేదు

అన్నిటికన్నా పెద్ద కష్టం ఇక్కడే వచ్చింది. ఇది ఈ ఒక్క హాస్టల్‌కే కాదు, తెలుగు చదివే వారందరికీ సంబంధించినది.

పాత కంప్యూటర్ ముట్టుకున్నప్పుడు మొదటి సూత్రం ఏమిటంటే, ముందు సమాచారాన్ని బయటకు తీయాలి, తర్వాతే రిపేరు. పెన్ డ్రైవ్ పెడదామంటే విండోస్ 98 దాన్ని తనంతట తాను గుర్తుపట్టదు, దానికి వేరే డ్రైవర్ ప్రోగ్రాము ఎక్కించాలి. అందుకని హార్డ్ డిస్క్‌నే బయటకు తీశాం. అది పాతకాలపు ఐడీఈ రకం, 44 పిన్నులది. దాన్ని యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ కొన్ని వందల రూపాయలకు తెప్పించాం. డిస్క్ తిరిగింది. ఫైళ్ళన్నీ కాపీ అయ్యేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

ఫైళ్ళు దొరికాయి. ఇప్పటి కంప్యూటర్‌లో తెరవబోతే తెరుచుకోలేదు. అవి పేజ్‌మేకర్‌లో చేసినవి. ఆ సాఫ్ట్‌వేర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. 2004లో దాని అభివృద్ధిని కంపెనీ ఆపేసింది. పైగా అక్షరాలు అను ఫాంట్లవి. 1990లలో, 2000లలో తెలుగు డీటీపీ ప్రపంచమంతా ఇంచుమించు అను ఫాంట్ల మీదే నడిచింది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, ఎన్నికల పోస్టర్లు, ప్రశ్నపత్రాలు, కవితా సంపుటాలు అన్నీ వాటితోనే వచ్చాయి. వాటి మేలు మరువరానిది. కానీ ఆ పద్ధతిలో కంప్యూటర్ దృష్టిలో ఉన్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరానికి తొడిగిన తెలుగు బొమ్మ. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా మన ఊళ్ళ డీటీపీ సెంటర్లకు అది చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

డీటీపీ అన్న తన పాత కంప్యూటర్‌ను ఇంకా కాపాడుకుంటున్నారు కనుక బతికిపోయాం. మూడు సంచికల ఫైళ్ళలో రెండు తెరుచుకున్నాయి, ఒకటి పాడైంది. తెరుచుకున్న వాటిని పీడీఎఫ్ చేసి, ప్రింటు తీసి, ఇప్పుడు యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేస్తున్నాం. మార్చిపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తున్నాయి, దిద్దుకోవాలి.

ఆ 2004 సంచికలో ఒక సీనియర్ అన్న రాసిన వ్యాసం ఉంది. హాస్టల్‌కు కంప్యూటర్ వచ్చినందుకు సంతోషిస్తూ, నేర్పే మాస్టారు ఎప్పుడు వస్తారని అడిగారు. దోమతెరలు, గ్రంథాలయం కూడా అడిగారు. చదువుతుంటే నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. ఈ సంచికలో మేము అడగబోతున్నవి కూడా దాదాపు అవే. ఆ ఫైలు తెరుచుకోకపోయి ఉంటే, మాకన్నా ముందే ఒకరు అడిగారని మాకు తెలిసేదే కాదు. పేదవాడి చరిత్ర రాతిమీద చెక్కరు. ఇలాంటి పాత డబ్బాల్లోనే ఉంటుంది. డబ్బాను గుజిరీకి వేస్తే చరిత్ర కూడా తూకానికి పోతుంది.

తాళం ఎవరు వేశారు?

మన అనుభవం చెప్పేది ఒక్కటే. ఆదోనిలో పనితనం ఉంది. మల్టీమీటర్ పట్టే చేయి ఉంది, సోల్డరింగ్ చేసే చేయి ఉంది. లేనివి మూడు: విప్పే పద్ధతి చెప్పే పుస్తకం, విడిభాగం, పాత ఫైలును చదివే దారి. ఈ మూడూ కంపెనీల చేతిలో ఉన్నవే. కాలం గడిచే కొద్దీ ఏ వస్తువైనా పాతబడుతుంది, అది సహజం. పాతబడిన వస్తువును బాగు చేసుకోలేకపోవడం మాత్రం సహజం కాదు. అది తయారు చేసేటప్పుడే తీసుకున్న నిర్ణయం. ఇప్పుడు వచ్చే చాలా లాప్‌టాప్‌లలో మెమరీని బోర్డుకే అతికిస్తున్నారు, బ్యాటరీని లోపల బిగిస్తున్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత మన తమ్ముళ్ళకు ఇవి మాకన్నా ఎక్కువ కష్టం పెడతాయి.

యంత్రం బాగున్నా పాతదైపోయే పద్ధతి ఇంకొకటి ఉంది. విండోస్ 98కు 2006 జూలైలో, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో మద్దతు ఆగింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని తర్వాతి విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లలోకి ఎక్కదు. బాగా నడుస్తున్న యంత్రాలు కూడా ఒక్క తేదీతో పాతవైపోయాయన్న మాట. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసింది 22.3 శాతమే. మిగతా దానిలో ఎంతో భాగం పేదల బస్తీల పక్కనే కాలుతోంది. వైరు కాల్చి రాగి తీసే పిల్లలు ఎవరి పిల్లలో వేరే చెప్పాలా?

ప్రపంచం ఈ విషయం మీద మేలుకుంటోంది. ఫ్రాన్స్‌లో లాప్‌టాప్, మొబైల్ లాంటి వస్తువుల మీద, బాగు చేయడం ఎంత సులువో పదికి మార్కులు వేసి చూపించాలనే నిబంధన 2021 జనవరిలో వచ్చింది. ఐరోపా సమాఖ్య 2024లో మరమ్మతు హక్కు మీద ఆదేశం తెచ్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినం రోజున, మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. మొబైళ్ళు, ఎలక్ట్రానిక్ వస్తువులతో పాటు ట్రాక్టర్ల వంటి వ్యవసాయ పరికరాలను కూడా అందులో చేర్చారు. ఇది మంచి అడుగు. కానీ పోర్టల్ ఒక సమాచార పలక మాత్రమే. కంపెనీ మాట వినకపోతే నిలదీసే చట్టం ఉంటేనే అది హక్కు అవుతుంది.

రెండు అభ్యంతరాలు

మేము ఈ మాటలు చర్చలో పెట్టినప్పుడు మన మిత్రులే రెండు అభ్యంతరాలు చెప్పారు. రెండూ ఆలోచించదగినవే.

మొదటిది: "పాత సామాను మనకెందుకు? పెద్దవాళ్ళ పిల్లలకు కొత్తవి, మనకు వాళ్ళు పారేసినవా? రిపేరు గురించి మాట్లాడితే పాతవే చాలని మనమే ఒప్పుకున్నట్లు కాదా?" ఈ కోపం న్యాయమైనది. హాస్టల్‌కు కొత్త కంప్యూటర్లు కావాలి, అది మన హక్కు. అందులో రాజీ లేదు. కానీ కొత్తది కూడా ఒకనాటికి పాతదవుతుంది. 2022 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇచ్చారు. ఏ ప్రభుత్వం ఇచ్చినా, ఏ దాత ఇచ్చినా ప్రశ్న ఒకటే. వారంటీ తీరిన మర్నాడు పగిలిన ట్యాబ్‌ను ఎవరు బాగు చేస్తారు? వలస పోయిన అమ్మానాన్నలు గుంటూరు మిరప తోటల్లో ఉంటే, డిస్‌ప్లే మార్చడానికి డబ్బు ఎవరిని అడగాలి? కోసిగి నుంచి, మంత్రాలయం నుంచి వచ్చిన మన తమ్ముళ్ళకు ఈ ప్రశ్న బాగా తెలుసు. బాగు చేసే ఏర్పాటు లేకుండా ఇచ్చేది దానం. బాగు చేసే ఏర్పాటుతో సహా ఇచ్చేది హక్కు. దానానికీ హక్కుకూ తేడా అంబేద్కర్ గారి పేరు చెప్పుకునే మనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

రెండోది: "చేతి పనుల నుంచి బయటపడాలనే కదా మన తల్లిదండ్రులు మనల్ని చదివిస్తున్నారు. వాళ్ళ పిల్లలు కంప్యూటర్ డిజైన్ చేయాలి, మన పిల్లలు స్క్రూ విప్పాలా?" ఈ ప్రశ్నకు మేము చాలాసేపు వాదించుకున్నాం. మా అభిప్రాయం ఇది. చెప్పు కుట్టే చేతిని, బట్ట నేసే చేతిని, బండి బాగు చేసే చేతిని తక్కువ చేసింది ఈ సమాజపు కుల వ్యవస్థ. ఆ పనిలో తక్కువేమీ లేదు. పని చేసే చేతికి చదువు అందకుండా చేయడం, చదువుకున్న బుర్రకు పని రాకుండా చేయడం రెండూ ఒకే రోగం. యంత్రాన్ని విప్పి చూడకుండా ఇంజినీరు అయినవాడికన్నా, విప్పి చూసి ఇంజినీరు అయినవాడు ఎందులో తక్కువ? టార్చ్ లైటు వేసి తెర వెనక దీపం పోయిందని కనుక్కున్న ఇంటర్ తమ్ముడికి, ఆ సాయంత్రం కాంతి పాఠం చెప్పనక్కర లేకుండానే అర్థమైంది. స్క్రూ విప్పడం దగ్గరే ఆపేయమని మేము అనడం లేదు. అక్కడ మొదలుపెట్టనివ్వమని అంటున్నాం.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అన్నీ బాగు కావు. మన లాప్‌టాప్ ఇప్పటికీ బయటి మానిటర్ లేకుండా పనిచేయదు, బ్యాటరీ లేదు, కరెంటు పోతే ఆరిపోతుంది. దాని మీద ఇంటర్నెట్ చూడాలనుకోవడం పొరపాటు. కానీ తమ్ముళ్ళు టైపింగ్ నేర్చుకుంటున్నారు. విప్పి, బిగించి చూపించడానికి అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. బాగు కానిదాన్ని కూడా పద్ధతి ప్రకారం ఈ-వేస్ట్ సేకరించే వారికే ఇవ్వాలి, చెత్తకుప్పలో కాల్చకూడదు.

మేము కోరేది

అందుకని ఈ సంచిక ద్వారా పెద్దల ముందు, తోటి విద్యార్థుల ముందు కొన్ని కోరికలు ఉంచుతున్నాం.

1. ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఒక చిన్న రిపేరు బల్ల ఏర్పాటు చేయాలి. ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్, చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, ఐపీఏ సీసా ఉంటే మొదలుపెట్టవచ్చు. ఫ్యాను రెగ్యులేటర్, ఎమర్జెన్సీ లైటు దగ్గర నుంచి నేర్చుకుంటాం.

2. మన పట్టణంలోని మొబైల్ మెకానిక్కులను, వైండింగ్ షాపుల వారిని, డీటీపీ చేసేవారిని నెలకొకసారి హాస్టల్‌కు పిలిచి పాఠం చెప్పించాలి. వారికి గౌరవ వేతనం ఇవ్వాలి. వారు కూడా గురువులే.

3. హాస్టల్‌కు కంప్యూటర్ ఇచ్చే దాతలు చార్జర్, పాస్‌వర్డ్, ఉంటే మాన్యువల్ కూడా కలిపి ఇవ్వాలి. ప్రభుత్వం కొనేటప్పుడు విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయో కంపెనీతో రాయించుకోవాలి.

4. మరమ్మతు హక్కును పోర్టల్ దగ్గర ఆపకుండా చట్టం చేయాలి. సర్వీస్ మాన్యువల్, విడిభాగాలు కంపెనీ సెంటర్లకే కాక ఆదోని లాంటి ఊళ్ళలోని చిన్న షాపులకూ అందాలి.

5. పాత అను ఫాంట్లలో ఉన్న తెలుగు సంచికలను, కరపత్రాలను యూనికోడ్‌లోకి మార్చే పనిని గ్రంథాలయాలు, కళాశాలలు చేపట్టాలి. ఆ ఫైళ్ళు తెరిచే యంత్రాలు, వాటిని నడపగల మనుషులు ఉండగానే ఈ పని జరగాలి.

6. ఇక మన వంతు. ఈ సంచికను యూనికోడ్‌లోనే టైపు చేశాం. ఒక ప్రతి పెన్ డ్రైవ్‌లో, ఒక ప్రతి వార్డెన్ గారి దగ్గర, రెండు అచ్చు ప్రతులు జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలో ఉంచాలని నిర్ణయించాం. రాబోయే తమ్ముళ్ళు దీన్ని చదవడానికి ఏ పెట్టెనూ పగలగొట్టనక్కర లేదు.

మిత్రులారా! కొత్త వస్తువు కొనడానికి డబ్బు కావాలి. పాత వస్తువును బాగు చేయడానికి ఓపిక, పనితనం, సమాచారం కావాలి. మొదటి రెండూ మన ఇళ్ళ నుంచే తెచ్చుకున్నాం. మూడోదాన్ని మన నుంచి దాచారు. దాన్ని అడిగి తీసుకుందాం. ఎమ్మిగనూరు నేతకారుడికి తన మగ్గం మీద ఉన్న హక్కు మనకు మన కంప్యూటర్ మీద ఎందుకు ఉండకూడదు?

వచ్చే ఆదివారం రిపేరు బల్ల దగ్గర వార్డెన్ గారి పాత ఎమర్జెన్సీ లైటు విప్పుతున్నాం. ఆసక్తి ఉన్నవారు రండి. తెల్ల కాగితం, టేపు తెచ్చుకోండి, స్క్రూలు అంటించడానికి.